రెండో నొప్పి

సోమవారం పొద్దున్న పదో టేకు కూడా పాడైంది.

తెరమీద కథానాయిక ట్రంకుపెట్టె మూత ఎత్తి, పట్టుచీర బయటికి తీసి, మడత విప్పి చూసుకుని, మళ్లీ మడతపెట్టి లోపల పెట్టేస్తుంది. మొత్తం ఇరవై రెండు సెకన్లు. మాటల్లేవు. సంగీతం కూడా వద్దన్నాడు దర్శకుడు. చీర సవ్వడి, గాజుల గలగల, చివర్న పెట్టె గడియ పడిన చప్పుడు, అంతే వినపడాలి. షూటింగులో పట్టిన శబ్దంలో జనరేటరు రొద, ఎవరిదో దగ్గు తప్ప పనికొచ్చేదేమీ ఉండదు. అందుకని తెరమీది మనుషులు వేసే అడుగులు, దించే గిన్నెలు, కట్టే చీరలు, వీటన్నిటి చప్పుళ్లనీ తెర చూస్తూ మళ్లీ చేసి రికార్డు చేస్తారు. ఆ పనిని ఫోలీ అంటారు. ఫిలింనగర్లో ఓ పాత మేడ కింది అంతస్తులో ఉన్న ఆ స్టూడియోలో పదకొండేళ్లుగా చప్పుళ్లు చేసేది మనోజ. అద్దానికి ఇవతల కూర్చుని వాటిని రికార్డు చేసేది సుబ్రహ్మణ్యం.

"మనోజా, మడత మధ్యలో ఆగుతోంది," అన్నాడు మైకు మీట నొక్కి. "చీర చేతిలోంచి జారినట్టుండాలి. నువ్వు లాగుతున్నట్టుంది."

"మళ్ల చేస్త సార్."

ఆమె చాప మీద బాసిపట్లు వేసుకుని కూర్చుంది. కదిలితే చప్పుడు చేయని పాత నూలుచీర, మెళ్లో పసుపుతాడు. కథానాయిక చప్పుళ్ల కోసం వేసుకున్న గాజులు తప్ప తనవంటూ చేతికి ఏమీ లేవు. చుట్టూ గులకరాళ్ల తొట్టె, ఇసుక తొట్టె, నాపరాయి పలక, చెక్కపలక, గోడవారన నలభై జతల చెప్పులు, తాళాలు, గొళ్లేలు, సత్తు గిన్నెలు. టేకు మొదలయ్యేముందు కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే వెనక్కి వంచింది. అతను చూస్తున్నాడని తెలిసి చేతులు ఒళ్లోకి లాక్కుంది.

పదకొండో టేకులో గడియ రెండుసార్లు పడింది. పన్నెండో దాంట్లో గాజులు ముందు మోగి చీర వెనకబడింది. పదమూడో టేకులో చీర అసలు చేతిలోంచి జారిపోయింది.

"చాలు. టీ తాగుదాం," అన్నాడు సుబ్రహ్మణ్యం. ఆ మాటలో విసుగు ఆమెకు వినపడాలనే అన్నాడు.

పదకొండుంబావుకి మళ్లీ కూర్చున్నారు. మొదటి టేకు. చీర గాలి పీల్చినట్టు విచ్చుకుంది, మడత మీద మడత పడింది, ఒక్క గాజు ఆగి ఆగి మోగింది, గడియ మెత్తగా పడింది. తెరమీద ఆ పిల్ల ఏడవలేదు గానీ, చప్పుళ్లు చేరేసరికి ఏడుపు ఆపుకుంటోందని తెలిసిపోతోంది. ఇలా చేయగలిగిన మనిషి హైదరాబాద్ మొత్తానికి ఇంకొకరు లేరని సుబ్రహ్మణ్యానికి తెలుసు. అందుకే ఇంకా ఒళ్లు మండింది. ఇప్పుడు చేయగలిగినది రెండు గంటల క్రితం ఎందుకు చేయలేకపోయింది? పొద్దున్న మనసు పెట్టలేదన్నమాట.

మధ్యాహ్నం సుహాస్ పైకి పిలిచాడు. స్టూడియో అతని తండ్రిది. తండ్రి ఇంటిపట్టునే ఉంటున్నాడు, రెండేళ్లుగా అంతా కొడుకే చూసుకుంటున్నాడు. కుర్రాడే గానీ పెద్దవాళ్లని గౌరవంగానే పలకరిస్తాడు.

"కూర్చోండి సుబ్రహ్మణ్యం గారూ. ఫైనల్ మిక్స్‌కి ఇంకా పన్నెండు రోజులే ఉంది. ఇవాళ మార్నింగ్ అంతా కలిపి ట్వంటీటూ సెకండ్సేనా?"

"అవునండీ."

"మీరే చెప్పారు కదా, ఒకరోజు తలనొప్పి అంటుంది, ఒకరోజు చేతులు అంటుంది అని. నాన్న టైమ్ నుంచి ఉన్న మనిషి. ఊరికే రావద్దంటే బాగోదు. రీటేకులన్నీ డేట్, టైమ్‌తో ఒక లిస్ట్ రాసివ్వండి. చూపించి, డీసెంట్‌గా మాట్లాడదాం. చెన్నైలో ఒకతను రెడీగా ఉన్నాడు. గురువారానికి ఇస్తారా?"

తను అన్న మాటే. పోయిన నెల మెట్ల దగ్గర, టీ కప్పు చేత్తో పట్టుకుని, ఏదో మాటవరసకి అన్నాడు. ఇప్పుడది బల్లమీదికి వచ్చి కూర్చుంది.

"ఇస్తానండీ," అన్నాడు.

*

మంగళవారం రికార్డింగు లేదు. సుబ్రహ్మణ్యం ఒక్కడే గదిలో కూర్చుని ఎనిమిది నెలల టేకులు వరసగా తెరిచాడు. ప్రతి టేకుకీ తేదీ, గంట, నిమిషం వాటంతటవే పడి ఉంటాయి. పక్కన పొడుగు కాగితం పెట్టుకుని, పాడైన ప్రతిదాన్నీ గీత గీసి రాయడం మొదలుపెట్టాడు.

నవంబరులో ఎక్కువేమీ లేవు. ఉన్నవి కూడా తొమ్మిదిన్నర లోపలివి. జనవరిలో పెరిగాయి. ఫిబ్రవరి పన్నెండున పదహారు టేకులు, గిన్నెలు కడిగే సీను, పది దాటాక గానీ కుదరలేదు. జూన్‌కి వచ్చేసరికి పదీనలభై. ఆ తర్వాత చేసిన టేకు ఒక్కటి కూడా పాడవలేదు. మనసు పెట్టని మనిషి ప్రతిరోజూ సరిగ్గా ఒకే వేళకి మనసు పెట్టడం మొదలుపెడుతుందా? పెన్ను ఆగింది.

కొన్ని రోజులు మాత్రం ఈ వరసలో ఇమడలేదు. ఆ రోజుల్లో తొమ్మిదీముప్పావుకే టేకులు కుదిరాయి. తను అప్పట్లో రాసుకున్న ముక్కలు తీసి చూశాడు. "తలనొప్పి. లైట్లు తీసేశాం." "తలనొప్పి. ఏసీ ఆపమంది." వరసలో ఇమడని రోజులన్నీ తలనొప్పి రోజులే.

దొరికిందనుకున్నాడు. తల పగిలిపోతోందని అన్న రోజునే చేతులు చక్కగా ఆడుతున్నాయంటే, రెండూ వంకలే అన్నమాట. ఇది కూడా రాయాలని కాగితం తిప్పి, వెనకవైపు ఆ తేదీలు వేశాడు. సరిచూసుకోవడానికి వాటిలో ఒకరోజు తొమ్మిదింటి టేకు మొదటినుంచీ పెట్టాడు.

రికార్డు మీట ఎప్పుడూ కొంచెం ముందుగా నొక్కడం అతనికి అలవాటు. ఆమె సర్దుకుని కూర్చునేదాకా అర నిమిషమో, నిమిషమో ఊరికే నడుస్తుంది. ఆ ముక్కని రోజూ కోసి పారేస్తాడు గానీ అసలు ఫైలులో అలాగే ఉంటుంది. ఇప్పుడు ఆ ముక్క విన్నాడు. ఊపిరి. చీర కుచ్చిళ్లు నేలకి తగిలిన చప్పుడు. ఆ తర్వాత చిన్నగా, పటుక్కుమని ఒక పలచటి రేకు చిట్లింది. నీళ్లు గొంతు దిగాయి.

సుబ్రహ్మణ్యం ముప్పై ఏళ్లుగా చప్పుళ్లతోనే బతుకుతున్నవాడు. మాత్ర అట్టలోంచి బయటపడిన చప్పుడు అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో తలనొప్పి రోజు తీశాడు. రేకు చిట్లింది. ఇంకోటి. అక్కడా అంతే. మే నెల తర్వాత, ఆమె తలనొప్పి అనని రోజుల్లో కూడా అది వినపడటం మొదలైంది. వేళ చూస్తే, ఆ చప్పుడు విన్న ముప్పావుగంటకి చేతులు దారికొస్తున్నాయి.

మళ్లీ నవంబరుకి వెళ్లాడు. టేకుకి ముందు ఆమె స్టీలు గ్లాసు అందుకుంటే ఉంగరం దానికి తగిలి టింగుమంటోంది. డిసెంబరులో కూడా ఉంది. జనవరి చివర్న లేదు. ఆ తర్వాత ఎక్కడా లేదు. వేలికి పట్టకే తీసేసిందా? ఫిబ్రవరి పన్నెండు నాటి పన్నెండో టేకు ముందు ఆమె ఎవరితోనో కాదు, చేతులతోనే మెల్లిగా అంటోంది. "జర కదులుండ్రే. ఒక్కసారి కదులుండ్రి."

చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు. కాగితం అప్పటికే నిండిపోయింది. సుహాస్ అడిగిన దానికంటే ఎక్కువే రాశాడు.

*

బుధవారం ఎనిమిదింటికల్లా స్టూడియోకి వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఓదెలు కుర్చీలోంచి లేచాడు.

"ఏంది సార్, గింత జల్ది?"

"మనోజ ఎన్నింటికి వస్తుంది ఓదెలూ?"

"మేడమా? ఏడున్నరకే వస్తది. రెండు నెలలాయె. బోరబండ సంది మొదటి బస్సుకే వస్తది. నన్నే నీళ్లు కాగబెట్టమంటది."

కింద గదిలో పెద్దలైటు వేసి లేదు. మూల చిన్న దీపం వెలుగుతోంది. నీళ్ల చప్పుళ్ల కోసం ఉంచిన తొట్టె ముందు కూర్చుని, మోచేతులదాకా ముంచి, కళ్లు మూసుకుని ఉంది మనోజ. తొట్టెలోంచి ఆవిరి వస్తోంది. జడ ఎవరో గట్టిగా, నున్నగా వేసినట్టుంది. అడుగుల చప్పుడుకి కళ్లు తెరిచి, గబుక్కున చేతులు తీసేయబోయింది.

"ఉండనీ. ఉండనీ," అన్నాడు. ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. చేతుల్ని దగ్గరగా చూడటం అదే మొదటిసారి. పదకొండేళ్లుగా అద్దంలోంచి చూసిన చేతులు. పిడికిలి కణుపులు నాలుగూ ఉబ్బి, మధ్యలో ఉండాల్సిన లోయలు పూడిపోయాయి. రెండు చేతులూ ఒకేలా ఉన్నాయి.

"నీళ్లల్ల పెడితె జర ఇడుస్తయి సార్. పది గంటలకల్ల మంచిగైతయని ముందుగాల వస్తున్న. ఈ మధ్య పదికి గూడ అయితలెవ్వు." ఆమె తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. "నిన్నటి... సోమవారంది కోపం పెట్టుకోకుండ్రి."

"ఆ మాత్ర తలకి వేసుకుంటున్నావా, చేతులకా?"

ఆమె తల ఎత్తింది. "ఏం మాత్ర?"

"రికార్డులో వినిపించింది."

చేతులు నీళ్లలోకి ఇంకొంచెం దించింది. "తలకాయకే వేసుకునేదాన్ని సార్. ఒక దిక్కు కన్ను ఎనక సుత్తెతోటి కొట్టినట్టు ఉంటది, కక్కొస్తది. వేసుకుంటె తలకాయతోటి చేతులు గూడ ఇడుస్తున్నయని తెలిసింది. ఇగ తల నొయ్యకున్న చేతులకోసమని వేసుకుంటున్న. గట్ల వేసుకునేకొద్ది తలకాయ ఇంకెక్కువ నొస్తున్నది. నాకేం సమజైతలేదు."

"డాక్టరుకి చూపించలేదా?"

"చూపించిన. చేతుల డాక్టర్‌కు చేతులు, తలకాయ డాక్టర్‌కు తలకాయ." నవ్వబోయి ఊరుకుంది. "మొదట్ల రెండూ చెప్పిన సార్. మా దగ్గర ఒక క్లినిక్ ఉంటది. నేను చెప్తుంటె ఆ డాక్టర్ కుర్చీల ఎనకకు ఒరిగి నవ్విండు. తలకాయ సంది చేతుల దాక అన్నీ నొస్తున్నయా అమ్మా, ఇంట్ల ఏమన్న లొల్లి ఉన్నదా అనడిగిండు. నిద్రగోళీలు రాసిచ్చిండు. ఇంట్ల మా ఆయన గూడ గదే మాట. అప్పటిసంది ఒక్కటే చెప్తున్న. ఒక్క నొప్పయితె నమ్ముతరు సార్. రెండోది చెప్పంగనె మొదటిది గూడ అబద్ధమైతది."

సుబ్రహ్మణ్యం బ్యాగులో ఆ కాగితం ఉంది. బ్యాగు మోకాళ్ల మీద ఉంది. ఇప్పుడే చెప్పేయాలనుకున్నాడు.

"జడ ఎవరేశారు?" అని అడిగాడు.

"మా బిడ్డ పూజిత. ఇంటర్ చదువుతున్నది. నాకు జుట్టు పట్టుకునుడు రాదు సార్ పొద్దుగాల. దానికి కాలేజీ బస్సు ఉంటది, అయినా ముందుగాల నాకేసి పోతది. ఇంట్ల అదొక్కతే అడగకుంట చేస్తది."

నీళ్లు చల్లారిపోయాయి. ఓదెలు ఇంకో కెటిల్ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లాడు. సుబ్రహ్మణ్యం లేచి, కెటిల్ తెచ్చి, ఆమె చేతులకి దూరంగా, తొట్టె అంచు నుంచి మెల్లిగా పోశాడు. అలా పోస్తున్నప్పుడు అతనికో సంగతి తట్టింది. ఇన్నేళ్లుగా రీలు వరస ప్రకారమే పని పెట్టుకుంటున్నాడు తను. మొదట ఏ సీనుంటే అది. అలాగే చేయాలని ఎవరూ చెప్పలేదు.

"కాళ్లెలా ఉన్నాయి?"

"కాళ్లకేమైంది సార్? మంచిగనె ఉన్నయి."

"అయితే ఇవాళ పొద్దున్నంతా నడకలు చేద్దాం. పోలీసువాళ్లు మెట్లెక్కేది, పెళ్లిలో జనం, హీరో ఇసకలో పరుగు. చేతుల పని మధ్యాహ్నం భోజనం అయ్యాక."

మనోజ అర్థం కానట్టు చూసింది. తర్వాత చెప్పుల వరస దగ్గరికెళ్లి బరువైన పోలీసు బూట్లు తీసుకుంది. లేసు కట్టుకోలేకపోతుంటే అతనే వంగబోయాడు. "వద్దు సార్, మీరు కట్టుడేంది," అని లేసు లోపలికి దోపేసింది.

ఆ పొద్దున్న ఒంటిగంటలోపు ఐదు సీన్ల నడకలు అయిపోయాయి. మధ్యాహ్నం నాలుగు సీన్ల చేతులు. పోయిన వారం మొత్తంలో అయిన పనికంటే ఎక్కువ.

సాయంత్రం అతను వెంగళరావు నగర్లో ఉండే డాక్టర్ బాలాత్రిపురసుందరికి ఫోను చేశాడు. కీళ్లవాతం డాక్టరు. రెండేళ్ల క్రితం ఒక ఆరోగ్య కార్యక్రమానికి ఆవిడ గొంతు ఇక్కడే రికార్డు చేశాడు. రెండు గంటల రికార్డింగులో ఒక్కసారి కూడా గడియారం చూడని మనిషి అని గుర్తు. గురువారం అయిదున్నరకి రమ్మన్నారు.

*

గురువారం పదకొండింటికి సుహాస్ తనే కిందకి దిగాడు. మనోజ మెట్ల దగ్గర ఓదెలుతో మాట్లాడుతోంది. అద్దం గదిలో సుబ్రహ్మణ్యం ఒక్కడే ఉన్నాడు.

"లిస్ట్ అయిందా అండీ?"

"రాశానండీ. కానీ అది మీకివ్వను."

సుహాస్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కనపడింది.

"మీకు చెప్పిన మాట నాది," అన్నాడు సుబ్రహ్మణ్యం. "ఆ మాట తప్పని కాగితం రాస్తుంటే తెలిసింది. ఆమెకి జబ్బు ఉంది. ఏం జబ్బో సాయంత్రం తెలుస్తుంది. పొద్దున్న నడకలు, మధ్యాహ్నం చేతులు. నిన్న ఒక్కరోజులో తొమ్మిది సీన్లయ్యాయి, చూసుకోండి. ఇలా మార్చాలని ముందే తట్టాల్సింది నాకు. తట్టలేదు."

"డేట్ దాటితే?"

"దాటదు. దాటితే చెన్నై అతన్ని పిలవండి. నేనే పక్కన కూర్చోబెట్టుకుని పని చూపిస్తాను."

సుహాస్ తెరమీది సీన్ల పట్టిక వైపు, దాని పక్కన పచ్చరంగు వేసిన తొమ్మిది గడుల వైపు చూశాడు. "ఈ పిక్చర్‌కి ఓకే అండీ," అన్నాడు లేస్తూ. "నెక్స్ట్ సంగతి తర్వాత చూద్దాం." గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "ఆమెకి సీరియస్సా?"

"తెలీదండీ."

"సాయంత్రం కార్ తీసుకెళ్లండి. డ్రైవర్‌కి చెప్తాను."

*

క్లినిక్కు ఒక ఇంటి ముందు గదిలో ఉంది. బల్లల మీద అయిదారుగురు ఉన్నారు. మనోజ పిలుపు వచ్చేదాకా చేతులు కొంగు కింద దాచుకునే కూర్చుంది. లోపలికెళ్లేముందు, "మీరు గూడ రండి సార్, నాకు మాట రాదు," అంది.

డాక్టరమ్మ అరవై ఏళ్ల మనిషి. బల్లమీద ఒక చిన్న దిండు పెట్టి, "చేతులు ఇక్కడ పెట్టమ్మా," అంది. ఒక్కొక్క కణుపునీ రెండు వేళ్లతో, పండు పండిందో లేదో చూసినట్టు నొక్కింది. నొక్కేముందు ప్రతిసారీ మనోజ మొహం చూసింది. మనోజ పెదవి బిగబట్టిందే గానీ చప్పుడు చేయలేదు.

"పొద్దున్న లేచాక ఈ బిగుతు ఎంతసేపు ఉంటుంది?"

"జరసేపు మేడం."

"జరసేపంటే? పావుగంటా, గంటా?"

"ఏమో మేడం. పెద్దగేం లేదు. పోతది."

సుబ్రహ్మణ్యం బ్యాగులోంచి కాగితం తీశాడు. "అమ్మా, నేను చెప్పొచ్చా? పోయిన నవంబరులో తొమ్మిదిన్నరకి వదిలేవి. జనవరిలో పదికి దగ్గర. ఫిబ్రవరిలో పది దాటేది. ఇప్పుడు పదీనలభై. ఆమె లేచేది అయిదింటికని దారిలో చెప్పింది."

డాక్టరమ్మ కాగితం అందుకుంది. వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదివింది. తేదీ, గంట, నిమిషం, ఏ పని, ఎన్నిసార్లు. కళ్లజోడు పైకి తోసుకుంది.

"ఇంత వివరంగా ఎవరూ రాసుకురారండీ. సొంత మనుషులే రాయరు. ఎందుకు రాశారివి?"

ఈవిడకి చూపించడానికే అని అనేయొచ్చు. ఎవరూ కాదనరు. మనోజ కృతజ్ఞతగా అతనివైపు తిరిగి చూస్తోంది కూడా. ఆ చూపే అతన్ని ఆపింది.

"ఈమెను పనిలోంచి తీసేయడానికి రాయమన్నారమ్మా," అన్నాడు. "రాశాను. వంకలు పెడుతోందని వాళ్లకి చెప్పింది కూడా నేనే."

డాక్టరమ్మ కాగితం బల్లమీద పెట్టింది. మనోజ చేతులు దిండు మీదే ఉన్నాయి, వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి ఆ కాగితాన్ని వేళ్లతో కాకుండా, అరచేతి అంచుతో తన వైపు లాక్కుంది. పైనుంచి చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది.

"ఫిబ్రవరి పన్నెండు," అంది. "ఆనాడు బస్సుల ఏడ్సుకుంట పోయిన. పదహారుసార్లయిందని నేను గూడ లెక్కపెట్టుకోలె." ఇంకొంచెం చదివింది. "ఇవన్నీ మీరు మళ్ల విన్నరా సార్?"

"విన్నాను. ఆలస్యంగా."

ఆమె తల ఊపింది. క్షమించిందో లేదో ఆ ఊపులో తెలియలేదు. కాగితాన్ని అలాగే డాక్టరమ్మ వైపు జరిపింది.

"రక్తపరీక్షలు వచ్చేదాకా పేరు ఖాయం చేయను," అంది డాక్టరమ్మ. "కానీ రుమటాయిడ్ ఆర్థరైటిస్ లా ఉంది. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి కీళ్ల మీద పడుతుంది. తొందరగా పట్టుకుంటే వేళ్లు వంకరపోకుండా ఆపగలం. ఈ కాగితం చూస్తే మరీ ఆలస్యం కాలేదనిపిస్తోంది." పెన్ను తీసింది. "చేతులు కాక ఇంకేమైనా బాధ ఉందా అమ్మా?"

"లేదు మేడం," అంది మనోజ వెంటనే.

కాగితం వెనకవైపు తలనొప్పి రోజులన్నీ ఉన్నాయి. సుబ్రహ్మణ్యం చేయి బల్ల అంచు మీదే ఉంది. తిప్పితే చాలు. అతను తిప్పలేదు. అది ఆమె చెప్పుకోవాల్సిన మాట. గోడమీది క్యాలెండరు వైపు మొహం తిప్పుకుని, అందులో ఆదివారాలు ఎర్రగా ఎన్ని ఉన్నాయో చూస్తూ కూర్చున్నాడు. డాక్టరమ్మ కూడా ఏమీ రాయలేదు. అడిగిన ప్రశ్న ఇంకా తన దగ్గరే ఉన్నట్టు ఆగింది.

"తలకాయ గూడ నొస్తది," అంది మనోజ.

అని, డాక్టరమ్మ కుర్చీ వైపు, వెనక్కి ఒరుగుతుందేమో అన్నట్టు చూసింది. డాక్టరమ్మ ముందుకి వంగింది.

"ఒకవైపా, రెండువైపులా?"

"ఒకదిక్కే. వెలుతురు పడది. చప్పుడు పడది. నేను చేసే పనే చప్పుళ్లది మేడం."

డాక్టరమ్మ లేచి, మనోజ నెత్తిమీద వెలుగుతున్న ట్యూబులైటు ఆపేసి వచ్చి కూర్చుంది. కిటికీ వెలుతురు సరిపోయింది.

"ఏం మాత్ర వేసుకుంటున్నారు? నెలకి ఎన్ని?"

మనోజ చెప్పింది. ఈసారి తగ్గించి చెప్పలేదు. చేతులకోసం వేసుకున్నవి కూడా చెప్పింది.

"వినండమ్మా," అంది డాక్టరమ్మ. "ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం వింత కాదు. పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్, ఉన్నవాళ్లలో ఈ కీళ్ల జబ్బు మామూలు కంటే కొంచెం ఎక్కువ కనిపిస్తోంది. కీళ్ల జబ్బు వాళ్లలో ఆ తలనొప్పి కూడా అంతే. ఒకటి ఇంకోదాన్ని పుట్టిస్తుందని నేను అనను, అది ఇంకా ఎవరూ తేల్చలేదు. ఒంట్లో వాపు పుట్టించే పదార్థాలు కొన్ని రెండింటిలోనూ కనపడతాయి. నిద్ర చెడితే రెండూ రేగుతాయి. మీ విషయంలో ఆ మాత్ర ఇంకో పని చేసింది. తలకని వేసుకుంటే చేతుల జబ్బుని కప్పిపెట్టింది. చేతులకని రోజూ వేసుకుంటే తలనొప్పిని పెంచింది. విడివిడిగా చూసిన డాక్టర్లకి సగం సగమే కనపడింది."

"రెండూ నిజమేనా మేడం?" అంది మనోజ. గొంతు మరీ చిన్నదైపోయింది.

"రెండూ నిజమే."

మనోజ ఏడవలేదు. దిండు మీది చేతుల్ని, అవి ఎవరివో అన్నట్టు, కాసేపు చూసుకుంది. కుడిచేతి వెన్నుతో ముక్కు తుడుచుకుంది.

"తలనొప్పి ఎప్పటినుంచి?" అని అడిగింది డాక్టరమ్మ, కొత్త కాగితం ముందుకి లాక్కుని.

"పదమూడేండ్లప్పటి సంది. ఏడో తరగతిల ఉన్న అప్పుడు. మా అమ్మ గుర్తుపట్టలె, టీచరమ్మ గుర్తుపట్టింది..." మనోజ ఆగి సుబ్రహ్మణ్యం వైపు చూసింది.

"మీరు బయట కూర్చోండి," అంది డాక్టరమ్మ. "ఇది టైం పడుతుంది."

అతను తలుపు దగ్గరగా వేసి బయటి బల్లమీద కూర్చున్నాడు. గోడ పలచన. లోపల్నుంచి మనోజ గొంతు వినపడుతోంది. స్టూడియోలో ఆమె మాట్లాడేది తక్కువ. "మళ్ల చేస్త సార్" తప్ప నిన్నటిదాకా పదకొండేళ్లలో ఆమె నోట పెద్దగా మాటలేమీ విన్న గుర్తు లేదు. ఇప్పుడా గొంతు ఆగకుండా సాగుతోంది. ఒకచోట తడబడి, ఒకచోట నవ్వి, మళ్లీ అందుకుంటోంది. మాటలు కొంచెం శ్రద్ధ పెడితే తెలిసేలా ఉన్నాయి. అతను లేచి, వీధి గుమ్మం దగ్గర, మోటారు సైకిళ్ల రొద వచ్చే చోట ఉన్న బల్ల మీదికి మారాడు.

చీటీలు రాసే అమ్మాయి గడియారం చూసింది. బల్లల మీద ఇంకా ముగ్గురున్నారు. వాళ్లలో ఒక ముసలాయన గట్టిగానే నిట్టూర్చాడు.

"మీ పేషంట్‌ది ఇంక గాలేదా సార్?" అని అడిగింది ఆ అమ్మాయి.

"లేదమ్మా," అన్నాడు సుబ్రహ్మణ్యం. "ఇప్పుడే మొదలుపెట్టింది."